అందరూ ఔట్‌స్టాండింగే: సిఫారసు లేఖల్లో పొగడ్త మాటలపై ఒక కేస్ స్టడీ

అమెరికాలో ఎం.ఎస్.కు అప్లై చేసే పిల్లలకు మామూలుగా మూడు సిఫారసు లేఖలు కావాలి. డిసెంబరు, జనవరి గడువులు దగ్గరపడుతున్న కొద్దీ ఇంజినీరింగ్ కాలేజీల్లో హెచ్‌వోడీల గదుల ముందు పిల్లలు బారులు తీరేది వీటికోసమే. నేను ఇంగ్లీషు ట్రైనర్‌ని. అధ్యాపకులకు రాతలో శిక్షణ ఇస్తాను, వాళ్ల లేఖలు, పేపర్లు దిద్దుతాను. ఈ కేసులో నా దగ్గరికి వచ్చినాయన కోస్తాలోని ఒక కాలేజీలో మెకానికల్ హెచ్‌వోడీ. పాఠం బాగా చెబుతారని పేరు. ఆయన గురించీ పిల్లల గురించీ గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ఆయన అడిగింది చిన్న పనే. "గ్రామర్ ఒక్కసారి చూసిపెట్టండి మేడమ్, చాలు" అన్నారు. పాత లేఖలు కూడా పంపమంటే ఫోల్డరు మొత్తం పంపారు. అందులో ఎక్కువ లేఖల రెండో పేరా ఇలా ఉంది: "హి ఈజ్ ఎ వెరీ ఎక్సలెంట్ అండ్ వెరీ ఔట్‌స్టాండింగ్ స్టూడెంట్ విత్ ఫెంటాస్టిక్ నాలెడ్జ్, ఆసమ్ డిసిప్లిన్ అండ్ వెరీ యునీక్ క్యారెక్టర్. హి ఈజ్ టూ గుడ్ ఇన్ థర్మోడైనమిక్స్."

స్పెల్ చెక్‌లో దీనికి ఒక్క ఎర్రగీత కూడా పడదు. కానీ అవతల చదివే ప్రొఫెసర్‌కు ఈ రెండు వాక్యాల్లో విద్యార్థి గురించి తెలిసేది సున్నా. రాసినాయనకు ఇంగ్లీషు విశేషణాల మీద పట్టు లేదని మాత్రం తెలిసిపోతుంది. అది తెలిశాక ఆయన తీర్పు మీద నమ్మకం కూడా కొంత సడలుతుంది.

ఇలా ఎందుకు తయారైందో ఆయన దాచకుండా చెప్పారు. లేఖ మొదటి డ్రాఫ్టు విద్యార్థే రాసుకొస్తాడు. సీనియర్ దగ్గర ఫైలు తీసుకుని పేరు మారుస్తాడు. ఒక లేఖలో మొదటి పేజీ అంతా 'షి', రెండో పేజీ అంతా 'హి'. ఈ పద్ధతి నాకు నచ్చదు, ఆయనకూ నచ్చదు. అయినా ఒక సీజన్లో అన్ని లేఖలు కూర్చుని రాసే తీరిక ఆయనకు లేదన్నది నిజం.

ఇంకో కారణం ఉంది, అది ఆయన చెప్పలేదు. మన సన్మాన పత్రాల పద్ధతి. విద్వన్మణి, సహృదయ శిఖామణి, బహుముఖ ప్రజ్ఞాశాలి అని వరసపెట్టి చదవడం మన సభల్లో మర్యాద. వినేవాళ్లు దాన్ని కొలతగా తీసుకోరు. ఎంత తగ్గించుకుని వినాలో అందరికీ తెలుసు. ఈ లేఖలు ఇంగ్లీషులో రాసిన సన్మాన పత్రాలు. అమెరికాలో అడ్మిషన్ కమిటీ వాళ్లకు మన సభామర్యాద తెలియదు, అక్కడ ప్రతి మాటనూ కొలతగానే చదువుతారు.

గ్రామర్ దగ్గర్నుంచే మొదలుపెట్టాం, ఆయన అడిగింది అదే కాబట్టి.

ఇంగ్లీషులో మెచ్చుకునే విశేషణాలు రెండు రకాలు. గుడ్, ఏబుల్, కేర్‌ఫుల్, టాలెంటెడ్, ఇంప్రెసివ్ లాంటివి తగ్గించడానికీ పెంచడానికీ వీలున్నవి. వీటి ముందు వెరీ చక్కగా నప్పుతుంది. ఎక్సలెంట్, ఔట్‌స్టాండింగ్, సూపర్బ్, ఫెంటాస్టిక్, ఎక్సెప్షనల్ లాంటివి చివరి మెట్టు మాటలు. 'ఎంత' అన్నది వాటి లోపలే ఉంది. ఎక్సలెంట్ అంటేనే వెరీ గుడ్ కంటే పైమాట, దానికి మళ్లీ వెరీ తగిలిస్తే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. వీటికి బలం కావాలంటే మాటల్లో అబ్సొల్యూట్లీ, రాతలో ట్రూలీ. అబ్సొల్యూట్లీని తీసుకెళ్లి గుడ్ ముందు పెడితే అదీ కుదరదు. రియల్లీ రెండు రకాలకూ సరిపోతుంది కానీ, అది కబుర్లలో మాట, లేఖలో పలచగా ఉంటుంది.

ఏది ఏ రకమో తేల్చుకోవడానికి ఆయనకు ఒక పరీక్ష చెప్పాను. ముందు ఫెయిర్లీ పెట్టి చూడండి. ఫెయిర్లీ గుడ్, ఫెయిర్లీ కేర్‌ఫుల్, ఫెయిర్లీ ఇంప్రెసివ్ బాగానే ఉన్నాయి. ఫెయిర్లీ సూపర్బ్, ఫెయిర్లీ ఔట్‌స్టాండింగ్ అంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చినచోట వెరీ పెట్టకూడదు.

ఇక్కడ మనవాళ్లు తడబడడానికి తెలుగే కారణం. 'చాలా' మనకు అన్నిటికీ నప్పుతుంది. చాలా బాగుంది అంటాం, చాలా అద్భుతంగా ఉందనీ అంటాం. రెండోది మన చెవికి తప్పుగా తోచదు. ఉత్తమ అన్న మాటలో ఉన్న 'తమ' సంస్కృతంలో అన్నిటికంటే మిన్న అని చెప్పే ప్రత్యయమే. అయినా దానికి అతి చేర్చి అత్యుత్తమం అనుకుని హాయిగా వాడుకుంటున్నాం. ఆ అలవాటే ఇంగ్లీషులోకి దిగి వెరీ ఎక్సలెంట్ అయింది.

సార్ ఊరికే ఒప్పుకునే రకం కాదు. "బైబిల్లో మోర్ ఎక్సలెంట్ అని ఉంది కదండీ?" అని పట్టుకున్నారు. ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయం చివర. ఆ మాటకొస్తే 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి వాక్యంలోనే 'మోర్ పర్ఫెక్ట్ యూనియన్' ఉంది. పాత ఇంగ్లీషు రాతలో అది దర్జా. ఈనాటి సిఫారసు లేఖలో మన చేతి నుంచి వస్తే దర్జా అనుకోరు, పొరపాటు అనుకుంటారు. ఆయనకు పూర్తిగా తృప్తి కలగలేదు గానీ వెరీలు కొట్టేశారు.

ఆయనకు బాగా నచ్చింది ఎక్సెప్షనల్ సంగతి. వెరీ ఎక్సెప్షనల్ కుదరదు. అదే మాటకు ఎల్‌వై చేర్చి మామూలు విశేషణం ముందు పెడితే, ఎక్సెప్షనల్లీ ఏబుల్, ఎక్సెప్షనల్లీ కేర్‌ఫుల్, చక్కగా కుదురుతుంది. హైలీ కూడా అంతే. హైలీ కేపబుల్, హైలీ ఒరిజినల్ సరే, హైలీ ఎక్సలెంట్ కాదు. యునీక్ అంటే ఒక్కటే ఉన్నది అని. లేఖల్లో దానికి వెరీ చేర్చకుండా ఉంటే మంచిది, ఒకే ఫోల్డర్లో అందరికీ పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

టూ గుడ్ మన దేశంలో మెచ్చుకోలు. బయట టూ అంటే మితిమీరినది. టూ గుడ్ ఇన్ థర్మోడైనమిక్స్ అంటే, 'అయితే ఏమిటి ఇబ్బంది?' అని అడగాలనిపిస్తుంది. పైగా గుడ్, బ్రిలియంట్ లాంటివాటి పక్కన చేసే పని వస్తే ఇన్ కాదు, ఎట్. క్వైట్ అయితే పూర్తిగా వదిలేయమన్నాను. క్వైట్ గుడ్ అంటే బ్రిటన్‌లో 'ఫర్వాలేదు' అనే దాకా దిగొచ్చు, అమెరికాలో 'బాగా మంచిది' వైపు మొగ్గుతుంది. అదే క్వైట్ చివరి మెట్టు మాట ముందు చేరితే 'పూర్తిగా' అనే అర్థం ఇస్తుంది. ఇంత తలనొప్పి మాట లేఖలో ఎందుకు?

ఆసమ్, ఫెంటాస్టిక్, టెరిఫిక్ సంగతి వేరు. వాటి అర్థం తప్పు కాదు, చోటు తప్పు. టెరిఫిక్, టెరిబుల్ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి, ఆ మూలానికి అర్థం భయపెట్టడం. ఆసమ్, ఆఫుల్ రెండూ ఇంగ్లీషులోని 'ఆ' (awe) అనే ఒకే మాట నుంచి, అంటే భయభక్తుల నుంచి పుట్టాయి. ఒక్కో జంటలో ఒకటి పొగడ్తవైపు వెళ్లింది, రెండోది తిట్టువైపు. మన కుర్రాళ్ల నోట 'అరాచకం' పొగడ్త అయినట్టే. "మీ స్టూడెంట్ కాండక్ట్ సర్టిఫికెట్‌లో 'ప్రవర్తన కేక' అని రాస్తారా సార్?" అని అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, ఆసమ్ డిసిప్లిన్‌ను తనే కొట్టేశారు.

విశేషణం ఏ నామవాచకం పక్కన కూర్చుంటుందన్నది ఇంకో తగువు. బ్రిలియంట్ అనేది బుర్రకు, ఆలోచనకు, పరిష్కారానికి. ప్రవర్తనకు ఎగ్జెంప్లరీ, అంటే ఆదర్శప్రాయం. హాజరుకు, రికార్డుకు ఇంపెకబుల్, అంటే వంక పెట్టలేనిది. చేసిన సాయానికి ఇన్‌వాల్యుబుల్, అంటే వెలకట్టలేనిది. బ్రిలియంట్ అటెండెన్స్ అంటే కుదరదు. ఔట్‌స్టాండింగ్ పనికీ ఫలితానికీ బాగుంటుంది. అయితే ఒక లేఖలో ఫీజు ప్రస్తావన వచ్చినచోట కూడా ఆ మాట ఉంది. ఫీజు ఔట్‌స్టాండింగ్ అంటే బకాయి అని అర్థం. ఆ వాక్యం మొత్తం తీసేశాం.

ఇంతవరకూ అయింది ఇంగ్లీషు ట్రైనర్ ఎవరైనా చేసే పనే. ఫోల్డరును అబ్బాయిలవి ఒకవైపు, అమ్మాయిలవి ఒకవైపు పెట్టి చదివినప్పుడు అసలు కేసు బయటపడింది.

అబ్బాయిలందరూ బ్రిలియంట్, ఔట్‌స్టాండింగ్, ఇన్నోవేటివ్. అమ్మాయిలందరూ సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్. ఈ రెండో వరసలో మూడు చిక్కులున్నాయి. సిన్సియర్ అంటే మనకు శ్రద్ధగా చదివే పిల్ల. ఇంగ్లీషు దేశాల్లో మనసులో మాట దాచకుండా చెప్పేవాళ్లని అర్థం, చదువుకు దానికీ సంబంధం లేదు. ఒబీడియెంట్ అన్నది అక్కడ చిన్నపిల్లలకో పెంపుడు కుక్కకో వాడతారు. పరిశోధన చేయడానికి వచ్చే మనిషికి అది మచ్చే. హార్డ్‌వర్కింగ్ మంచిమాటే. కానీ తెలివి ఊసెత్తకుండా కష్టం ఒక్కటే చెబితే, తెలివి తక్కువ కాబట్టి కష్టపడుతోందని చదువుతారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద అమెరికన్ మెడికల్ స్కూల్‌లో అధ్యాపక ఉద్యోగాలకు వచ్చిన 300కు పైగా సిఫారసు లేఖలు చదివి 2003లో అధ్యయనం ప్రచురించారు. మహిళలకు రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయి. కష్టపడుతుంది, నమ్మకస్తురాలు అనే తరహా మాటలు, అనుమానం రేపే మాటలు వాటిలో ఎక్కువ. రాసినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే.

సార్‌కు ఇది చూపించినప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆడపిల్లను మెచ్చుకోవడమంటే మనం అదే కదా మేడమ్ అంటాం" అన్నారు. నిజమే. బుద్ధిమంతురాలు, వినయం గలది అనేవే మన ఇళ్లలో అమ్మాయికిచ్చే పెద్ద బిరుదులు. ఆయన చెడుద్దేశంతో రాయలేదు. పెళ్లి ప్రకటనల్లో 'హోమ్లీ' అని వేసేవాళ్లకు అమెరికాలో దాని అర్థం 'అందం లేనిది' అని తెలియనట్టే.

ఒక లేఖను పూర్తిగా తిరగరాద్దామని అనుకున్నాం. ఆ అమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్టు మిరపకాయలు ఎండబెట్టే సోలార్ డ్రయర్. పాత డ్రాఫ్టులో ఉన్నది "షి ఈజ్ వెరీ సిన్సియర్ అండ్ ఒబీడియెంట్, హర్ ప్రాజెక్ట్ ఈజ్ ఔట్‌స్టాండింగ్" అని. ప్రాజెక్టు నిజంగా ఔట్‌స్టాండింగేనా అని అడిగాను. ఆయన నిజాయితీగా చెప్పారు: "కాదు. ఆ డిజైను ఏటా ఎవరో ఒకరు చేసేదే." మరి అమ్మాయి ఎందుకు గుర్తుందని అడిగితే, అప్పుడు ఈ సంగతి వచ్చింది.

డ్రయర్‌లో ట్రేలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. వేడిగాలి కిందనుంచి పైకి వెళ్తుంది. కింది ట్రేలో కాయల తేమ లాక్కునేసరికి గాలి చల్లబడుతుంది, కాబట్టి పై ట్రే దగ్గర ఉష్ణోగ్రత తక్కువ ఉండాలి. వీళ్ల రీడింగుల్లో రెండూ దాదాపు ఒకటే వచ్చాయి. జట్టులో మిగతావాళ్లకు సంబరం, అన్ని ట్రేలూ సమానంగా ఎండుతున్నాయని రిపోర్టు రాసేయొచ్చు. ఈ అమ్మాయికి అనుమానం వచ్చింది. పై ట్రే విప్పి చూస్తే, వేడి కొలిచే థర్మోకపుల్ తీగ కొన ఇనప ట్రేకు ఆనుకుని ఉంది. పైనుంచి ఎండ తగిలి ట్రే కాలుతుంటే ఆ వేడినే చూపిస్తోంది, గాలి వేడిని కాదు. కొనను గాలిలో నిలబడేట్టు బిగించి, పాత రీడింగులన్నీ పక్కన పడేసి మళ్లీ తీయించింది. ఈసారి ఫలితం ముందుకంటే నాసిగా వచ్చింది. దాన్నే రిపోర్టులో పెట్టింది. వైవాలో మార్కులు పోతాయేమోనని జట్టువాళ్లు గొడవపడ్డారు కూడా.

ఇది విన్నాక పాత విశేషణాలేవీ పనికిరావని ఆయనకే తెలిసింది. ప్రాజెక్టు మామూలుది. గొప్పదనం ప్రయోగం చేసిన మనిషిలో ఉంది. పొగడ్త ప్రాజెక్టు పక్కనుంచి మనిషి పక్కకు జరగాలి. ఏ మాట పెట్టాలన్నది తేలడానికి కాస్త సమయం పట్టింది. మెటిక్యులస్ అంటే వివరాల్లో శ్రద్ధ, కానీ అది కష్టపడే పిల్ల వరసలోకే మళ్లీ జారొచ్చు. హానెస్ట్ అంటే మిగతావాళ్లు దొంగలన్నట్టుంది. చివరికి రిగరస్ దగ్గర ఆగాం. కొలతల్లో, తర్కంలో రాజీ లేనితనానికి అది సరైన మాట, ముందు మోస్ట్ పెట్టడానికీ వీలున్న మాట. మొదటి వాక్యం ఇలా వచ్చింది: "షి ఈజ్ ది మోస్ట్ రిగరస్ ఎక్స్‌పెరిమెంటర్ ఐ హావ్ సూపర్‌వైజ్డ్ ఇన్ ది పాస్ట్ ఫైవ్ ఇయర్స్." దాని కింద థర్మోకపుల్ కథ ఆరు వాక్యాల్లో. పేరాలో ఇంకో పొగడ్త విశేషణం లేదు. ఐదేళ్లన్న మాట ఎందుకంటే, అంతకుముందు ఇంకో విద్యార్థికి ఆయన ఇలాంటిదే రాసి ఉన్నారు. ఒకే ప్రొఫెసర్ నుంచి ఒకే యూనివర్సిటీకి రెండు లేఖలు వెళ్తే, రెండింటిలోనూ 'నా జీవితంలో చూసిన అత్యుత్తమ విద్యార్థి' అని ఉంటే, రెండూ చెల్లవు.

తర్వాత పంపిన లేఖల్లో ఆయన అటు చివరికి వెళ్లారు. విశేషణాలు తగ్గించమన్నానని గుడ్, సాటిస్‌ఫాక్టరీ, డీసెంట్ అని రాసుకొచ్చారు. ఇలా జరుగుతుందని నేను ముందే అనుకున్నాను, ఈ మలుపు దాదాపు ప్రతి కేసులోనూ వస్తుంది. సిఫారసు లేఖలో గుడ్ అంటే మంచి అని కాదు. అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు వాడే కామన్ యాప్ ఫారంలో టీచరు నింపే పట్టిక చూపించాను. అందులో గుడ్ అంటే సగటు కంటే పైన, వెరీ గుడ్ అంటే సగటు కంటే బాగా పైన, ఎక్సలెంట్ అంటే మొదటి 10 శాతం, ఔట్‌స్టాండింగ్ అంటే మొదటి 5 శాతం. ఆపైన ఇంకో గడి, నేను చూసిన కొద్దిమందిలో ఒకరు, మొదటి 1 శాతం. ఎం.ఎస్.కు ఒక్కో యూనివర్సిటీది ఒక్కో ఫారం, కానీ చాలావాటిలో ఇలాంటి గడులే. అంటే అక్కడ విశేషణం పక్కన అంకె రాసి ఉన్నట్టే. క్లాసులో అరవైమంది ఉంటే ఔట్‌స్టాండింగ్ ముగ్గురికి. ఫోల్డర్లో అందరికీ అదే ఉంది.

"గుడ్ అంటే అంత అన్యాయమా?" అని ఆయన నమ్మలేదు. మన సర్కారు ఆఫీసుల సంగతే గుర్తుచేశాను. సరిహద్దు రోడ్లు వేసే కేంద్ర సంస్థ బోర్డర్ రోడ్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా చేసిన దేవ్ దత్‌కు, ఉద్యోగి పనిపై పైఅధికారులు ఏటా రాసే రహస్య నివేదికలో 1993-94కు 'గుడ్' అని పడింది. ప్రమోషన్‌కు కావలసింది ఐదేళ్లూ 'వెరీ గుడ్'. ఆ ఒక్క గుడ్‌తో సూపరింటెండింగ్ ఇంజినీరు పదవి తప్పిపోయింది, ఆ మాట పడిందని ఆయనకెవరూ చెప్పనైనా లేదు. 2008లో సుప్రీంకోర్టు ఆయనవైపు తీర్పిచ్చింది. వెరీ గుడ్ అవసరమైనచోట గుడ్ కూడా దెబ్బే కాబట్టి, ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. హెచ్‌వోడీ గారి బంధువుల్లో ఎవరో ఇలాంటి ఎంట్రీతోనే ఆగిపోయారట. ఇక చర్చ లేదు.

ఇప్పుడాయన పద్ధతి మార్చుకున్నారు. విద్యార్థి డ్రాఫ్టు తేకూడదు, ఒక పేజీ సమాచారం తేవాలి: ఏ ల్యాబ్, ఏం చెడింది, తను ఏం చేశాడు. విశేషణం సార్ పెడతారు, లేఖకు ఒకటి, మహా అయితే రెండు. పిల్లలు ఒప్పుకోవడం లేదు. లెటర్ వీక్‌గా ఉంది, నాలుగైదు స్ట్రాంగ్ వర్డ్స్ పెట్టించుకో అని కన్సల్టెన్సీలో చెప్పారని గదికి వచ్చి అడుగుతున్నారు. కొందరు వేరే సార్ దగ్గరికి వెళ్లిపోయారు కూడా. ఆయన వెళ్లనిచ్చారు.

మా ఇద్దరికీ పంతం వచ్చింది ఒక్క లేఖ దగ్గరే. హీట్ ట్రాన్స్‌ఫర్ లెక్కలు బోర్డు ముందు నిలబడి, కాగితం ముట్టకుండా చేసేసే కుర్రాడు. వాడికి బ్రిలియంట్ పెట్టాల్సిందేనన్నారు సార్. ఆధారం ఏమిటంటే వరసగా నాలుగు లెక్కలు చెప్పారు, ఏ దారిలో వాడు చేశాడో కూడా. మాట సరిపోయింది, ఉంచేశాను. కానీ వాడి ల్యాబ్ రికార్డులు ఏనాడూ టైముకు రాలేదు, పాత డ్రాఫ్టులో మాత్రం ఇంపెకబుల్ రికార్డ్ అని ఉంది. అది తీసేయించాను. లేఖలో రికార్డుల ఊసు ఎత్తలేదు. ఆన్‌లైన్ ఫారంలో 'క్రమబద్ధత' గడి వచ్చినప్పుడు మాత్రం సార్ కాసేపు మౌస్ పట్టుకు కూర్చుని, టాప్ 25 శాతం దగ్గర టిక్కు పెట్టారు.